నాడెకు కండె ఎవలు పెట్టిండ్రు?

తమ్ముడి ఫోన్ వచ్చేముందు నేను బోర్డు మీద పీపా గీస్తున్నాను.

కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతాను. ఏటా ఒకసారి ఈ పీపా గీయక తప్పదు. నేను గీస్తే అది పీపాలా రాదు, గుమ్మడికాయలా వస్తుంది. పిల్లలు నవ్వుకుంటారు, నేను చూడనట్టు ఉంటాను. ఈస్టు కణంలో కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఎంజైము ఆకారం అది. ఆ రోజు కూడా గుమ్మడికాయ పూర్తిచేసి, ఏటా అడిగే ప్రశ్న అడిగి, "నేను చదువుకునే రోజుల్లో నాకొచ్చిన డౌటు ఇది" అని ఏటా చెప్పే మాటే చెప్పాను. చాక్‌పీసు కింద పెట్టానో లేదో ఫోన్ మోగింది.

"అక్కా, జాబర్ మామ పోయిండు. పొద్దుగాల చాయ తాగిండట, సాసర్ బోర్లిచ్చిండట, గంతే."

పిల్లలను పంపించేశాను. బోర్డు తుడవబోయి ఆగాను. అంతకు నిమిషం ముందు నేను చెప్పింది అబద్ధం. ఆ ప్రశ్న నాది కాదు, మామది. ఏడేళ్లుగా దాన్ని నాదని చెప్పుకుంటూ బతుకుతున్నాను.

మామకూ మాకూ రక్తసంబంధం లేదు. బాపు, అంటే మా నాన్న, ఆయన్ను బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. మాది వేములవాడకు ఆటో దూరంలో ఉండే చిన్న పట్నం. వీధికి పది ఇళ్లుంటే ఎనిమిది ఇళ్లలో మరమగ్గాల చప్పుడే. మరమగ్గాలను మా వైపు సాంచాలంటారు. సాంచ మొరాయిస్తే బాగుచేసే మేస్త్రీ జాబర్. అలాంటి జాబర్లు ఊళ్లో చాలామందే ఉన్నా, ముందూ వెనకా ఏమీ లేకుండా 'జాబర్' అంటే మాత్రం ఆయనే. ఆయన అసలు పేరు ఊరు ఏనాడో మరిచిపోయింది. అత్తకు గుర్తుంది కాని పలకదు. పెనిమిటి పేరు నోట పలికితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె పట్టింపు. రేషన్ దుకాణంలో ఇంటి యజమాని పేరు అడిగితే, లైనులో వెనక నిలబడ్డ వాళ్ల వైపు తిరిగి, "జర చెప్పున్రి" అనేది. వాళ్లకు తెలియదు. ఆ లైను అక్కడే ఆగేది.

మామ సాంచను కళ్లతో చూసేవాడు కాదు. షెడ్డు గుమ్మంలో చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి నిలబడేవాడు. లోపల డజను సాంచాలు దడదడలాడుతుంటే మనకు మన మాటే వినబడదు. ఆయన మాత్రం కాసేపటికి కళ్లు తెరిచి, వేలు చూపించి, "గా మూడోది. తోలుపట్టా జారింది" అనేవాడు. వెళ్లి చూస్తే జారే ఉండేది. అంత చెవి ఉన్న మనిషి గొంతు మాత్రం పిల్లి నడిచినట్టు ఉండేది. అందరూ అరిచి మాట్లాడుకునే షెడ్డులో ఆయన గుసగుసగా మాట్లాడితే, సాంచాలు నడిపే ఆసాములు పని ఆపుకుని ఆయన నోటి దగ్గరికి వంగి వినేవారు. ఎందుకు అంత మెల్లగా మాట్లాడతావని ఒకసారి అడిగాను.

"గట్టిగ మాట్లాడితే ఎవడింటడు బిడ్డా? ఊరంత గట్టిగనే మాట్లాడుతుంది" అన్నాడు.

పనిముట్లు పాలిస్టర్ ముక్కతో కుట్టిన సంచిలో ఉండేవి. వేళ్లకంటిన నూనె తలకు రాసుకునేవాడు. వేరే నూనె కొన్నట్టు నేను ఎరగను. బాగుచేసిన సాంచ గజం బట్ట ఆగకుండా నేస్తేనే చాయ ముట్టేవాడు. అందాకా పక్కనే గొంతుకూర్చుని ఎదురుచూసేవాడు. మధ్యలో ఆగిందా, మళ్లీ మొదటినుంచి గజం. మా ఇంట్లో అయితే అవ్వ, అంటే మా అమ్మ, చాయను మూడుసార్లు వేడిచేయాల్సి వచ్చేది. చివరికి తాగాక సాసరును బోర్లించేవాడు. సాసరు బోర్లిస్తే పని అయిపోయినట్టు. అవ్వ ఆ చప్పుడు విని, "హమ్మయ్య, అన్న సాసర్ బోర్లిచ్చిండు" అనేది.

సామెతల్లాంటి మాటలు కొన్ని ఆయన దగ్గర ఉండేవి. "సాంచ అబద్ధమాడది, ఆసామే ఆడుతడు" అనేది ఒకటి. ఇంకొకటి కుర్ర జాబర్లను కసిరేటప్పుడు వాడేది. "ఆగినకాడ ఏం జూస్తవ్‌రా? ఆగకముందటికాడ జూడు." సాంచ ఎక్కడ ఆగిందో అక్కడ తప్పు ఉండదని, అంతకు ముందే ఎక్కడో జరిగి ఉంటుందని ఆయన సిద్ధాంతం. పెళ్లిళ్ల పంచాయితీల్లోనూ ఇదే మాట వాడేవాడు. అక్కడ పెద్దగా పనిచేసేది కాదు.

ఇక నా సంగతి. హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తూ, ఈ ఈస్టు ఎంజైము మీద కమిటీ ముందు సెమినార్ ఇచ్చాను. పుస్తకంలో ఉన్నదంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఒక పెద్దాయన, "అమ్మాయీ, ఇంతకీ లోపల ఏం జరుగుతుందో నీ మాటల్లో చెప్పు" అన్నాడు. నా మాటలు నా దగ్గర లేవు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. ఈసారి కూడా ఇలాగే ఉంటే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని, మర్యాదగానే చెప్పారు. నేను పెట్టె సర్దుకుని ఇంటికొచ్చాను. చదువు ఆగిపోతే బాపుకు ఏం చెప్పాలో తెలియదు. పగలంతా లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ పీపా బొమ్మనే చూస్తూ ఉండేదాన్ని.

అలాంటి ఒక రోజు ఉదయం మామ మా సాంచ ఒకటి బాగుచేసి, బాపు చేతికిచ్చి, గజం బట్ట కోసం ఎదురుచూస్తూ నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. లాప్‌టాప్‌లోకి తొంగి చూశాడు.

"గిదేంది బిడ్డా, పీపానా?"

"ఎంజైము మామా."

"నాకు ఇంగిలీషొద్దు. మోటుగ జెప్పు."

మోటుగా చెప్పడమే నాకు రాని పని. అయినా ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని మొదలుపెట్టాను. "కల్లు పొంగుతది గద మామా, అండ్ల ఈస్టు అని కంటికి కనవడని జీవముంటది. ఆ ఈస్టు లోపట ఇసొంటి పీపాలుంటయి. ఇండ్ల కొవ్వు తయారైతది. కొవ్వు లేకుంటే దాని ఒంటికి పొర ఉండది. పొర లేకుంటే పానం నిలవది."

కల్లు అనగానే ఆయన ముఖం వెలిగింది. "గట్లయితే అక్కరకొచ్చే సదువే. చెప్పు, చెప్పు."

లోపల దారం కండెలు చుడుతున్న అవ్వ, "కొవ్వు తయారుజేసే సాంచనా? మీ మేనత్తకాడ పెద్దదే ఉన్నది" అంది. ఆమె ఆడబిడ్డ మీద విసురు అది. రోజుకు ఒకటి పడకపోతే అవ్వకు అన్నం సహించదు.

మామకు బొమ్మ చాలలేదు. చేత్తో పట్టుకుంటేనే అర్థమయ్యే మనిషి. లేచి పెరట్లోకి వెళ్లి కోళ్లను మూసే గంపలు రెండు పట్టుకొచ్చాడు. మధ్యలో అవ్వ జల్లెడ పెట్టించాను. కింద ఒక గంప వెల్లకిలా, దాని మీద జల్లెడ, జల్లెడ మీద ఇంకో గంప బోర్లా. నిజంగానే పీపా అయింది. నా బోర్డు బొమ్మ కన్నా బాగుంది.

"గిట్లనే మామా. నడిమిట్ల చక్రం, మీదొక గుమ్మటం, కిందొక గుమ్మటం. ఒక్కొక్క గుమ్మటంల మూడు అర్రలు. మొత్తం ఆరు గదులు."

"ఆరు అర్రలల్ల ఒకటే పనా, తీరొక్క పనా?"

"ఒకటే పని. ఏ అర్రకాయర్రల అన్ని సామాన్లుంటయి."

"అంటే ఒక షెడ్డుల ఆరు సాంచాలన్నట్టు. ముడిసరుకెట్లొస్తది?"

"చిన్నచిన్న తునకలు. గంప సందులకెల్లి వచ్చినట్టు వస్తయి. రెండు కర్బనాల తునకతోని మొదలు. అటెన్క వచ్చేటియి మూడు కర్బనాలయి. అండ్ల ఒకటి గాలిల కలిసిపోతది, రెండు అతుక్కుంటయి. అతికిన జాగను మూడు తావులల్ల సాపు జేస్తరు. మల్ల ఇంకో రెండు. గట్ల ఏడు సుట్లు తిరిగితే పదహారు కర్బనాల గొలుసైతది. ఇంకో సుట్టు తిరిగితే పద్దెనిమిది. అప్పుడు బయటికి తోలుతది."

ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. రెండుతో మొదలు, ఏడు రెళ్లు పద్నాలుగు, పదహారు. సరిపోయింది. "బయటికి ఏ దర్వాజకెల్లి పోతది?"

"మూడు కర్బనాల సరుకును ఏ తావు లోపటికి తీసుకుంటదో, అయిపోయిన గొలుసును గదే తావు బయటికి పంపుతది."

"మా ఇల్లు గంతే. ఒక్కటే దర్వాజ" అని నవ్వాడు. తర్వాత తల ఒక పక్కకు వంచాడు. సాంచ ముందు నిలబడ్డట్టే. "మరి ఈ తావుకాడికెల్లి ఆ తావుకాడికి గొలుసును మోసేదెవలు?"

కమిటీలో నేను తడబడింది సరిగ్గా ఇక్కడే. "దాన్ని క్యారియర్ ప్రొటీన్ అంటరు మామా. దానికి ఒక పొడుగు చెయ్యి ఉంటది. ఆ చేతికి గొలుసు ఏలాడుతది. అది తావు తావు తిరుగుతది. ఒక పక్క గోడకు, ఒక పక్క నడిమి చక్రానికి దాన్ని దారాలతోని కట్టేసినట్టుంటది, అర్ర దాటిపోకుంట."

"నాడె అను! గంతసేపు గదేందో ఇంగిలీషు పేరు వెట్టి సతాయిస్తివి."

నాడె అంటే సాంచలో అడ్డదారాన్ని మోసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తే చెక్క. దాని కడుపులో దారం చుట్టిన పుల్ల ఉంటుంది, అది కండె. మామ తన సంచిలోంచి అరిగిపోయిన నాడె ఒకటి తీసి, రెండు దారాలు కట్టి, పై గంపలో వేలాడదీశాడు. వేలితో తోశాడు. అది ఊగుతూ గంప గోడకు ఒకచోట తగిలి, వెనక్కి వచ్చి, ఇంకోచోట తగిలింది. దారాల వల్ల గంప దాటలేదు, వాటికున్న వదులు వల్ల ఆగనూ లేదు. అప్పటిదాకా పుస్తకంలో చదివిన ముప్ఫై పేజీలు నాకు ఆ నిమిషంలో అర్థమయ్యాయి.

ఇంతలో మామ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెవి లోపలి గది వైపు తిరిగింది.

"బావా! బంద్ జెయ్!" ఆయన అరవడం నేను విన్నది అదొక్కసారే. "ఉత్త నాడె కొడుతున్నవ్!"

బాపు సాంచ ఆపాడు. ఏం జరిగిందంటే, బాపు పని చేస్తూ చేస్తూ ఒక చెవి మా ముచ్చట మీద పడేశాడు. బిడ్డ చదువు తనకు అర్థమవుతున్న సంతోషంలో, దారం అయిపోయిన కండెనే మళ్లీ నాడెలో పెట్టి తోలాడు. దారం లేకపోతే సాంచను ఆపే తీగ ఒకటి ఉంటుంది. మాటిమాటికీ ఆపుతోందని దాన్ని బాపే ఎప్పుడో దారంతో కట్టేశాడు. సాంచ హాయిగా నడుస్తోంది, నాడె అటూ ఇటూ పరుగెడుతోంది, బట్ట మాత్రం లేదు. మామ కోరిన గజం మళ్లీ మొదటికొచ్చింది. అవ్వ చాయ గిన్నె మళ్లీ పొయ్యి మీదికెక్కింది.

"బిడ్డె సదువు వినుకుంట మరిచిన బావా" అన్నాడు బాపు, బడిలో దొరికిపోయిన పిల్లాడిలా.

"సదువు ఇనాలె గని, కండె జూస్కోవాలె" అంటూ మామ వచ్చి మళ్లీ అరుగు మీద కూర్చున్నాడు. గంపలో ఊగుతున్న తన నాడెను చూశాడు. అది కూడా ఉత్తదే. చాలాసేపు చూశాడు.

"బిడ్డా, నాడెకు కండె ఎవలు పెట్టిండ్రు?"

"అంటే?"

"గొలుసు ఏలాడేటందుకు నాడెకు చెయ్యి ఉంటది అంటివి. గది కండె అసొంటిది. గది లేకుంటే నాడె ఉత్తగనే తిరుగుతది, మీ బాపు సాంచ తీర్గ. మరి ఆ చెయ్యిని దానికి తొడిగిందెవలు?"

"దానికొక ముక్క ఉంది మామా. ఆ పీపాల భాగమే. అది తొడుగుతది."

"ఏడుంటది గది?"

బొమ్మలో చూపించాను. గోడ బయట. నాడె ఉన్నది గోడ లోపల. చూపించిన వేలు అక్కడే ఆగిపోయింది. వందసార్లు చూసిన బొమ్మ అది.

మామ గంప సందులోంచి రెండు వేళ్లు దూర్చి నాడెను అందుకోబోయాడు. అందలేదు. "బయట కూసున్నోడు లోపటి నాడెకు కండె ఎట్ల పెడ్తడు? నేనైతే పెట్టలేను."

అవ్వ వచ్చి, "కోళ్లు ఎండల తిరుగుతున్నయి, నా గంపలు నాకియ్యున్రి" అని పీపాను విప్పేసింది. మామ లేచి లోపల సాంచ దగ్గరికి వెళ్తూ, "ఆగినకాడ జూడకు. ముందటికాడ జూడు" అని, సాంచ వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి గజం అయింది. సాసరు బోర్లింది.

ఆయన చెప్పినట్టే ముందటికాడ వెతికాను. మూడు రోజులు తిండీ తిప్పలూ మరిచి కాగితాలు తిరగేశాను. పీపా మూతపడ్డాక నాడె, తొడిగే ముక్క ఒకదాన్నొకటి చేరలేవని, కాబట్టి గోడలు కలవకముందే ఆ చెయ్యి తొడిగి ఉండాలని, తొడిగే ముక్క ఆ తర్వాత గోడ బయటి పక్కన స్థిరపడుతుందని అర్థమైంది. పరుగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. ఆయన ఒక సాంచ కింద పడుకుని ఉన్నాడు.

"మామా, పీపా మూతవడకముందే పెట్టేస్తదట!"

సాంచ కింద నుంచే, "మరి! మీ అవ్వ కండె చుట్టి పెట్టినంకనే గద మీ బాపు తోలేది. గీ మాటకు మూడొద్దులు వట్టిందా?" అన్నాడు.

కమిటీ ముందు ఈసారి నేను ఏదీ అప్పజెప్పలేదు. షెడ్డులో ఆరు మగ్గాలు, దారాలు కట్టిన నాడె, ఏడు చుట్లు, ఒకటే దర్వాజా, అంతా నా మాటల్లో చెప్పాను. చివర్లో ఆ ప్రశ్న పెట్టాను. కునికిపాట్లు పడుతున్న పెద్దాయన కళ్లు తెరిచి ముందుకు వంగాడు.

"మంచి ప్రశ్న. ఎవరిదమ్మా ఇది? మీ గైడుదా?"

"నాదే సార్."

అంత సులువుగా వచ్చేసింది. సాంచాలు బాగుచేసే మేస్త్రీ అడిగాడని ఆ ఏసీ గదిలో చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఇంకో కారణం వెతికితే దొరుకుతుందేమో కాని, నిజం అదే. వాళ్లు బల్ల చరిచి మెచ్చుకున్నారు. నా చదువు నిలబడింది. థీసిస్ రాసినప్పుడు కృతజ్ఞతలకు రెండు పేజీలు తీసుకున్నాను. గైడు, ల్యాబులో అందరూ, అవ్వ, బాపు, హాస్టలు వంటమనిషి, చివరికి జిరాక్సు షాపాయన కూడా ఉన్నారు. మామ లేడు. ఉంటే, దేనికని ఎవరైనా అడుగుతారని భయం.

ఒక కాపీ తీసుకెళ్లి ఆయనకే ఇచ్చాను. దాంతో సరిపెట్టుకోవచ్చనుకున్నాను. ఆయన చేతులు మూడుసార్లు తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు. పుస్తకాన్ని తలకిందులుగా తెరిచినా పీపా బొమ్మ దగ్గరికే వెళ్లాడు. పీపాకు తలకిందులైనా ఒకటే కదా.

"నాడె పెట్టినవా?"

"పెట్టిన మామా."

"సాలు."

ఆ తర్వాత కల్లు మండువాలో ఆయన చేసిన గోల ఊరంతా చెప్పుకుంది. చేతిలో కల్లు సీసా ఉన్న ప్రతివాడి దగ్గరికీ వెళ్లి, "జర మెల్లగ తాగున్రి. అండ్ల లెక్కలేనన్ని సాంచాలు నడుస్తున్నయి" అని గుసగుసగా చెప్పాడట. ఇద్దరు భయపడి సీసాలు కింద పెట్టారట. కల్లు అమ్మే గౌడు, "నా కల్లుల మిషన్లున్నయని లేనిపోని పుకార్లు పుట్టిస్తున్నడు" అని బాపు దగ్గరికి పంచాయితీకి వచ్చాడు. బాపు నన్ను ఫోన్‌లో పిలిచి, "బిడ్డా, ఉన్నయా లేవా, నువ్వే చెప్పు" అన్నాడు. ఉన్నాయని చెప్పాను. గౌడు వారం రోజులు బాపుకు కల్లు పొయ్యలేదు.

కొన్నేళ్లకు మా పట్నంలోకి నాడె లేని కొత్త సాంచాలు వచ్చాయి. మామ చూసొచ్చాడు. నేను సెలవులకు వెళ్లినప్పుడు ఆ ముచ్చట తీశాడు. "మస్తుగున్నది బిడ్డా. నాడె లేదు, సప్పుడు లేదు. నేను కండ్లు మూసుకుని నిలవడ్డ. ఏం ఇనరాలే. ఇగ నాకేం పని?" అని నవ్వి, మళ్లీ అడిగాడు. "కల్లులున్నదానికి ఇంక నాడె ఉన్నదా? దాన్ని గూడ మార్చిండ్రా?"

"ఉంది మామా. దాన్ని ఎవలు మార్చలేరు."

"జర పైలం" అన్నాడు. నేనేదో దానికి కాపలాదారును అన్నట్టు.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. అత్త చాయ తెచ్చింది, మాట మారింది.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి వెళ్లాను. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆయనకు మనసులో ఏ కొరతా లేనట్టు. రాకపోతే ఏదో మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకెళ్లి, పలానాది చేస్తాం అని మాటిస్తారు. మా తాతకు మూడు గంటలు పట్టింది. చివరికి ఆయన బర్రెను అమ్మబోమని మాటిస్తే గాని కాకి దిగలేదు.

విస్తట్లో అన్నం, కోడికూర, ఉడికిన గుడ్డు, సీసాలో కల్లు, సాసర్లో చాయ. మామ కొడుకు, పాత సాంచాలను తుక్కు కింద అమ్మబోనని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. నేను కూడా సిద్ధంగానే ఉన్నాను. ఈ కాకి రాదని నాకు గట్టి నమ్మకం. రాకపోతే పదిమందిలో ముందుకెళ్లి, "మామా, ఆ ప్రశ్న నీదే, నేను దొంగిలించాను" అని చెప్పేయాలని దారి పొడుగునా బట్టీ పట్టుకుంటూ వచ్చాను. చదువు బట్టీతోనే మొదలుపెట్టినదాన్ని కదా, ఇదీ బట్టీనే.

మేము వెనక్కి తిరిగి పది అడుగులు వేశామో లేదో కాకి వచ్చింది. గుడ్డు ఎత్తుకుపోయింది. వెనకే ఇంకోటి వచ్చి కోడికూర మీద పడింది.

"అగో, జాబర్‌కు దేనికి ఫికర్ లేకుండె!" అన్నారెవరో. అందరూ నవ్వారు, కళ్లు తుడుచుకున్నారు. కొడుకు హమ్మయ్య అనుకున్నాడు. నేనొక్కదాన్నే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయనకు నా మీద ఏ కొరతా లేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది.

ఇంటికెళ్లాక అత్త దగ్గర కూర్చున్నాను. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. "అత్తా, నేనొక తప్పు జేసిన" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కమిటీ ముందు ఏమన్నానో, పుస్తకంలో ఎవరెవరి పేర్లు రాశానో, ఎవరి పేరు రాయలేదో అన్నీ చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చింది. పాలిస్టర్ ముక్కలో చుట్టిన నా పుస్తకం. అంచుల నిండా నూనె వేళ్ల గుర్తులు.

"ఎరుకే బిడ్డా. నువ్వు ఇచ్చిపోయిన పొద్దుననే కోడలితోని సదివిచ్చుకున్నడు. ముందుగాల పేర్లున్న కాయితం సదువుమన్నడు. ఆమె తెలుగుల చెప్పుకుంట పోయింది. చెవి గిట్ల పెట్టి ఇన్నడు." అత్త తల ఒక పక్కకు వంచి చూపించింది. అచ్చం ఆయనే. "'ఐపోయిందా' అన్నడు. 'ఐపోయింది మామా' అన్నది కోడలు. 'నాడె కండె ముచ్చట ఉన్నదేమో జూడు' అన్నడు. ఆమె దేవులాడి దేవులాడి, ఉన్నదన్నది. 'గట్లయితే సరే. సాంచ నడవాలె గని, బాగుజేసినోని పేరు బట్ట మీద నేస్తరా' అని చాయ తాగిండు."

"సాసర్..." అన్నాను.

"ఆఁ, బోర్లిచ్చిండు."

నేను ఏడ్చాను. అత్త ఏడవలేదు. కొంగుతో నా ముఖం తుడిచి, "ఆయనకేం లేదు గని, నాకే జర మనసుకు కొట్టింది బిడ్డా. జిరాక్సోని పేరు సుత ఉన్నదాయె" అంది.

సంచిలోంచి పెన్ను తీశాను. పుస్తకం తెరిచి, జిరాక్సు షాపాయన కింద మిగిలిన ఖాళీలో రాశాను. ఇంగ్లీషు పుస్తకంలో తెలుగులోనే రాశాను. ఈ ప్రశ్న వీరిది అని, పక్కన ఆయన పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. కాలేజీ లైబ్రరీలో ఉన్న కాపీలోనూ, యూనివర్సిటీలో ఉన్నదాంట్లోనూ రాస్తానని, క్లాసులోనూ చెబుతానని అన్నాను. అత్త ఆ మాటలేవీ పట్టించుకోలేదు. ఆమె కళ్లు ఆ సిరా మీదే ఉన్నాయి. ఆమెకు చదవడం రాదు.

"ఏం రాసినవో సదువు."

చదివాను. ఆమె నలభై ఏళ్లుగా నోట పలకని పేరు ఆ గదిలో గట్టిగా వినబడింది. అత్త కళ్లు మూసుకుని తల ఒక పక్కకు వంచింది.

"మల్లొక్కసారి సదువు బిడ్డా" అంది.